సర్వే అంకెలపై చర్చ – 4వ పాఠం: ఎవరిలో 65 శాతం?

పోయిన పాఠంలో శాంపిల్ తీయడం చూశాం. ఇప్పుడు ఫలితం చేతికొచ్చాక ఎలా వాదించాలో చూద్దాం. సాధన కోసం ఒక ఊహా సర్వే తీసుకుందాం. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ ఉండే ఒడిశాలోని బరంపురంలో 400 ఇళ్లలో అడిగితే 40 ఇళ్లలో గేమ్ కన్సోల్ (వీడియో గేములు ఆడే పరికరం) ఉందని తేలింది. వాటిలో 26 ఇళ్లవాళ్లు కన్సోల్‌లో ఇంటర్నెట్ వాడతామన్నారు. చర్చలో ఒకరు లేచి, "బరంపురంలో 65 శాతం మంది కన్సోల్ మీద నెట్ వాడుతున్నారు" అన్నారనుకోండి.

వెంటనే అడగండి: "ఎవరిలో 65 శాతమండీ?" 26ని 40తో భాగిస్తే 65 శాతం, 400తో భాగిస్తే 6.5 శాతం. ఊరి గురించి మాట్లాడేటప్పుడు రెండోదే చెప్పాలి. పైగా లెక్కించింది ఇళ్లను, కాబట్టి "మంది" అనడం కూడా చెల్లదు. హారం ఏమిటో కాగితం మీద రాసుకున్నాకే వాదనకు దిగండి.

తర్వాత ప్రశ్నపత్రం తెప్పించుకోండి. అసలు తగవంతా అక్కడే ఉంటుంది. "ఇంటర్నెట్ వాడతారా" అంటే ఒకరికి ఆన్‌లైన్ ఆట, ఇంకొకరికి యూట్యూబ్, మరొకరికి వెబ్‌సైట్లు చూడడం. 2017లో వచ్చిన నింటెండో స్విచ్, 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 మెనూల్లో మామూలు బ్రౌజర్ లేదు. "బ్రౌజింగ్ చేస్తారా" అని అడిగితే రోజూ ఆన్‌లైన్‌లో ఆడే కుర్రాడు కూడా "లేదు" అంటాడు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కన్సోల్ నడిపే ఇంట్లో తలుపు తీసిన పెద్దాయన "మా ఇంట్లో నెట్ లేదు బాబూ" అని పంపేస్తారు. ఒడియా, తెలుగు ప్రశ్నపత్రాలు రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదానిలో "గత 30 రోజుల్లో" అని ఉండి, రెండోదానిలో లేకపోతే ఆ రెండు గుంపులనూ పోల్చకూడదు.

డేటా వాడకాన్ని మనుషుల సంఖ్యగా చదవడం మరో పొరపాటు. 100 జీబీ దాటే గేములున్నాయి. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌తో అంత దించాలంటే సుమారు 67 రోజులు పడుతుంది. ఫైబర్ ఉన్న ఇంట్లో అదే గేమ్ ఒక్క రాత్రిలో దిగిపోవచ్చు. అలాంటి కొన్ని ఇళ్లే మొత్తం డేటా అంకెను పైకి లాగేస్తాయి.

ఇక పొరపాటు అవధి, అంటే శాంపిల్‌లో వచ్చిన శాతం అసలు శాతానికి ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే అంకె. సుమారు లెక్కకు 1ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించి 100తో గుణించండి. 400కి 5 పాయింట్లు, 40కి దాదాపు 16. అంటే 65 శాతం అన్నది 49 నుంచి 81 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. "సగానికి మించి" అని ఖాయంగా అనలేం. తెలుగు ఇళ్లు 18లో 13, ఒడియా ఇళ్లు 22లో 13 అని విడదీస్తే 72, 59 శాతాలు వస్తాయి. తేడా 13 పాయింట్లే, అవధులేమో ఒక్కోటీ 20 పైనే. దీని మీద భాషల పోటీ పెట్టేవాళ్లను అక్కడే ఆపండి. ఈ సూత్రం యాదృచ్ఛికంగా ఎంచిన శాంపిల్‌కే పనికొస్తుంది. గిరి మార్కెట్‌లో మొబైల్ షాపుల ముందు నిలబడి అడిగితే అవధి లెక్కకు అర్థమే లేదు.

అభ్యాసం: 900 ఇళ్లు, 90 కన్సోళ్లు, నెట్ వాడేవి 63. "కన్సోల్ ఉన్న ఇళ్లలో సగానికి మించి" అనొచ్చా? "పదింట ఏడు" అని గట్టిగా చెప్పొచ్చా? అవధి వేసి రాయండి. జవాబులు 5వ పాఠంలో.