మే నెలలో ఫైట్ ఒప్పుకునే ముందు: హైదరాబాద్ ఎండలో బరువు దించే ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైటర్లకు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో ఫైట్ ఉందని ఫోన్ రాగానే కుర్రాళ్లు ముందు అడిగేది ప్రత్యర్థి ఎవరని. అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఏ బరువుకు, తూకం ఎప్పుడు. డిసెంబరులో నాలుగు కిలోల నీళ్లు దించి తట్టుకున్న మనిషి మేలో అదే చేయబోతే ఒళ్లు ఒప్పుకోదు. బయట 41, 42 డిగ్రీలుంటే పొద్దుటి నుంచే చెమట పోతూనే ఉంటుంది. దాని మీద సౌనా సూటు (చెమట పట్టించే ప్లాస్టిక్ సూటు), వేడినీళ్ల తొట్టి, పస్తు కలిపితే తట్టుకునే చోటు మిగలదు.

ఇలా బరువు దించడంలో ప్రాణాలు పోయాయి. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఐదారు వారాల లోపే, బరువు దించుకుంటూ చనిపోయారు. 2013లో బ్రెజిల్ ఫైటర్ లియాండ్రో సౌజా ఇలాగే పోయాడు. 2015 డిసెంబరులో మనీలాలో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ పోయాడు, వయసు 21. వీళ్లలో ఎవరూ ప్రత్యర్థి దెబ్బకు పోలేదు. యాంగ్ పోయాకే, ఫైట్లు నిర్వహించే వన్ చాంపియన్‌షిప్ సంస్థ ఒంట్లో నీళ్లు పిండేసి బరువు దించడాన్ని నిషేధించి, మూత్ర పరీక్ష పెట్టింది.

సంతకం పెట్టే ముందు లెక్క

పొద్దున లేచి, బాత్రూంకు వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు ఏడు రోజులు తూగి సగటు తీయండి. అదే మీ అసలు బరువు. జిమ్ అయ్యాక చెమటలో తూగిన అంకె లెక్కలోకి రాదు. బరువు తరగతుల పై హద్దులు ఇవి: ఫ్లైవెయిట్ 56.7 కిలోలు, బాంటమ్ 61.2, ఫెదర్ 65.8, లైట్ 70.3, వెల్టర్ 77.1.

లైట్‌వెయిట్ ఒప్పుకోవాలనుకునే మనిషి అసలు బరువు 76 అనుకుందాం. ఎనిమిది వారాల టైముంటే మొదటి ఏడు వారాలు వారానికి అర కిలో చొప్పున కొవ్వు కరిగించి, ఫైట్ వారం సోమవారానికి 72.5కు రావచ్చు. ఇంకా ఉన్నది 2.2 కిలోలు, అంటే మూడు శాతం. పీచు తగ్గిస్తే పేగుల్లోంచి అర కిలో పైన పోతుంది. ఉప్పు, అన్నం తగ్గిస్తే మరో కిలో. తూకం ముందు రాత్రి నిద్రలో ఊపిరితో, మూత్రంతో సుమారు అర కిలో. చెమట పట్టించాల్సింది దాదాపు ఏమీ ఉండదు. ఎండాకాలంలో మంచి కట్ (బరువు దించడం) అంటే ఇదే. అసలు బరువు 79 ఉండి, మూడు వారాల్లో 70.3 అడిగితే వెల్టర్ ఇవ్వమనండి, లేదా క్యాచ్‌వెయిట్ (ఇద్దరూ ఒప్పుకున్న మధ్య బరువు) అడగండి. కుదరదంటే ఆ ఫైట్ వదిలేయండి. కెరీర్ మొదట్లో ఒక ఫైట్ వదిలితే పేరు పోతుందని భయపడతారు గానీ, కిడ్నీ పోతే మిగతా ఫైట్లన్నీ పోతాయి.

తూకానికీ ఫైట్‌కూ మధ్య 24 గంటలు లేకపోతే నీళ్లు దించే ఆలోచనే వద్దు. అమెచ్యూర్ టోర్నమెంట్లలో పోటీ రోజు పొద్దునే తూకం పెడతారు, అలాంటి చోట రోజూ తిరిగే బరువులోనే దిగాలి. అమ్మాయిలు నెలసరి తేదీని ఫైట్ తేదీ పక్కన పెట్టి చూసుకోవాలి. నెలసరికి ముందు రోజుల్లో చాలామంది ఒంట్లో కిలో దాకా నీరు నిలుస్తుంది, ఆ వారంలో తూకం పడితే క్యాంప్ (ఫైట్‌కు ముందు వారాల తయారీ) మొదట్లోనే ఆ కిలో అదనంగా లెక్కేసుకోవాలి.

అమెరికాలో నెవాడా లాంటి రాష్ట్రాల్లో డాక్టర్, మెడికల్ సస్పెన్షన్ (దెబ్బ తగిలిన ఫైటర్‌ను కొన్నాళ్లు ఫైట్లకు దూరం పెట్టడం) వ్యవహారమంతా ప్రభుత్వ అథ్లెటిక్ కమిషన్ చూస్తుంది. మన దగ్గర అలాంటి కమిషన్ లేదు. కాబట్టి అడగాల్సింది మీరే: తూకం దగ్గర డాక్టర్ ఉంటారా, హాల్ బయట అంబులెన్స్ ఉంటుందా, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది. మాట మీద వదలకుండా కాగితం మీద రాయించుకోండి.

క్యాంప్‌లో ఎండ

మన జిమ్‌లు చాలావరకు మేడ మీద రేకుల షెడ్ల కింద ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద బయటికంటే వేడిగా ఉంటుంది. గట్టి స్పారింగ్ పొద్దున ఏడున్నర లోపు ముగించాలి. సాయంత్రం ఏడు దాటాక టెక్నిక్, ప్యాడ్లు. అలాగని రోజంతా ఏసీలోనే ఉండి, ఫైట్ వారంలో ఒక్కసారిగా సౌనా సూట్ తొడిగి కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తడం ఇంకా ప్రమాదం. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేడిలో చేసే పని కొంచెం కొంచెంగా పెంచాలి.

ప్రాక్టీసుకు ముందు, తర్వాత తూగండి. గంటలో కిలో తగ్గితే అది లీటరు చెమట, కొవ్వు కాదు. సాయంత్రానికల్లా దాన్ని తిరిగి నింపాలి, అదీ ఉప్పేసిన మజ్జిగతోనో ఓఆర్ఎస్‌తోనో. ఒట్టి నీళ్లతో కాదు. క్యాంప్ మధ్యలో సౌనా సూట్ వేసుకుంటే దక్కేది అలసటే, ఆ పోయిన బరువు రెండు గ్లాసుల నీళ్లతో తిరిగొస్తుంది.

నొప్పి మాత్రల విషయంలో గట్టిగా ఉండాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తక్కువున్నప్పుడు అది రెట్టింపు దెబ్బ. ఫైట్ వారంలో అవి వద్దు. మూత్రం ముదురు పసుపు దాటి టీ డికాషన్ రంగులో వస్తే కండరం చితికి కిడ్నీలోకి చేరుతోందని అర్థం. అది ఆ రోజే నిమ్స్‌లోనో, గాంధీలోనో, దగ్గర్లోని పెద్దాస్పత్రిలోనో చూపించుకోవాల్సిన సంగతి.

ఇంకొకటి తామర. చెమట, తడి మ్యాట్ కలిస్తే వారంలో జిమ్ అంతా పాకుతుంది. తూకం దగ్గర డాక్టర్ గుండ్రటి ఎర్ర మచ్చ చూస్తే ఫైట్ ఆపేయొచ్చు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద తగ్గుతుంది, ఫంగస్ లోపల పెరుగుతూ పోతుంది. చర్మ వైద్యులకు చూపించండి, చికిత్సకు కనీసం మూడు నాలుగు వారాలు పడుతుంది కనక క్యాంప్ మొదట్లోనే.

ఫైట్ వారం

మే అంటే ఇంట్లో కొత్తావకాయ కలిపే నెల. ఒక్క ముక్క వేసుకుంటే ఏమవుతుందని అమ్మ అంటుంది. ఆ ముక్కలో ఉన్న ఉప్పు ఒంట్లో నీళ్లు పట్టి ఉంచుతుంది, మర్నాడు కాంటా మీద కనిపిస్తుంది. సోమవారం నుంచి పచ్చళ్లు, అప్పడాలు, బేకరీ సరుకు ఆపండి. బుధవారం నుంచి జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు కూడా ఆపి, తెల్లన్నం కొద్దిగా, గుడ్డు, చికెన్, పెరుగు ఉంచండి. పీచు తగ్గితే పేగుల్లో నిలిచే బరువు తగ్గుతుంది. ఈ నాలుగు రోజులకు ఇది ఆరోగ్యకరమైన తిండి కాదు, పేగులు ఖాళీ చేసే తిండి.

వాటర్ లోడింగ్ గురించి ఒక హెచ్చరిక. కిలో బరువుకు 100 మిల్లీలీటర్ల చొప్పున మూడు రోజులు తాగి నాలుగో రోజు తగ్గించే పద్ధతి నెట్‌లో దొరుకుతుంది. 72 కిలోల మనిషికి అది రోజుకు ఏడు లీటర్ల పైన. చల్లటి దేశంలో డాక్టర్ కళ్లముందు చేసేది వేరు. ఇక్కడ మేలో చెమటతో ఉప్పు పోతుండగా, ఉప్పు మానేసి ఏడు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మాట తడబడటం, ఆఖరికి ఫిట్స్. పక్కనున్నవాళ్లు వడదెబ్బనుకొని ఇంకా నీళ్లు పోస్తారు, దాంతో ఇంకా ముదురుతుంది. రెండు కిలోల కట్‌కు ఈ పద్ధతి అక్కర్లేదు. ఎప్పటిలా దాహానికి తగినట్టు తాగి, తూకానికి ముందు 12 నుంచి 16 గంటల్లో తగ్గిస్తే చాలు. ఎంత తాగినా గంటకు లీటరు దాటొద్దు.

కాంటా కూడా పరీక్షించుకోండి. ఇంటి డిజిటల్ కాంటాను మ్యాట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది, గచ్చు మీద పెట్టాలి. జిమ్‌లోని 20 కిలోల ప్లేటు దాని మీద పెట్టి చూడండి. 19.6 చూపిస్తే మీ బరువును కూడా తక్కువ చూపిస్తోందన్నమాట. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాములతో ఫైనల్ పోగొట్టుకుంది. 400 గ్రాముల తప్పు కాంటాను నమ్ముకోకూడదు.

వేడినీళ్ల తొట్టి

తూకం రోజు పొద్దున లేచి చూస్తే ఇంకో అర కిలో మిగిలిందనుకుందాం. ఎండలో పరుగు వద్దు. తొట్టిలో వేడినీళ్లు మేలు, ఎందుకంటే వేడి మన చేతిలో ఉంటుంది. థర్మామీటర్ వేసి 39, 40 డిగ్రీల మధ్య ఉంచండి. చేత్తో ముట్టి అంచనా వేస్తే రెండు మూడు డిగ్రీలు తప్పుతుంది. మెడ దాకా నీళ్లలో 10 నిమిషాలు. బయటికొచ్చి తువ్వాళ్లు, దుప్పటి చుట్టుకొని ఇంకో 10 నిమిషాలు. తుడిచి తూగాలి. ఒక్కో విడతకు 200 నుంచి 400 గ్రాములు పోతాయి. మూడు విడతలే, ఆపైన లేదు.

పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, తలుపు గడియ వేయకూడదు. తొట్టిలోంచి లేచేటప్పుడే కళ్లు తిరుగుతాయి, టైల్స్ మీద తల కొట్టుకుంటుంది, అందుకే చెయ్యి పట్టుకొని లేపాలి. కార్నర్‌లో ఉండే మనిషి (ఫైట్‌లో వెంట ఉండే సహాయకుడు) ప్రతి రెండు నిమిషాలకూ ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి: వందలోంచి ఏడేడు తీస్తూ చెప్పమనండి. జవాబు ఆలస్యమైనా, విసుగ్గా అరిచినా, ఒళ్లు వణికి చలేస్తోందన్నా ఆ క్షణమే బయటికి. గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే ఉంటే ఈ పని అక్కడ అస్సలు చేయొద్దు. కిటికీ మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూర్చున్నచోటే పోతాడు.

వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని అనుకుంటారు. కసరత్తు వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉంటుంది. చూడాల్సింది మనసును: తికమక, తూలడం, పొంతన లేని మాటలు. 108కు ఫోన్ చేయండి, కానీ అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడొద్దు. ఐసు కలిపిన నీళ్లలో ఒళ్లంతా ముంచండి, తల పైకి పట్టుకొని. అది లేకపోతే పైపుతో నీళ్లు కొడుతూ ఫ్యాన్ పెట్టండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు. చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

మాత్ర, సెలైన్

లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) మాత్ర వేసుకుంటే రెండు కిలోలు పోతాయని చెప్పే సీనియర్లు ఉంటారు. అది నీళ్లతో పాటు పొటాషియం కూడా లాగేస్తుంది, గుండె లయ తప్పుతుంది. పైగా వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది, మూత్ర పరీక్షలో దొరుకుతుంది. విరేచనాల మాత్రలదీ ఇలాంటి ప్రమాదమే.

తూకం కాగానే వీధి చివరి క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకోవడం మన దగ్గర మామూలు సంగతి అయిపోయింది. వాడా నియమం ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి నరం ద్వారా ఎక్కించుకోవడం నిషిద్ధం, ఆస్పత్రి చికిత్సలో భాగమైతే తప్ప. నిజంగా సెలైన్ కావాల్సినంత నీరసం ఉందంటే ఆ మనిషి మర్నాడు కేజ్‌లో ఉండకూడదు.

తూకం అయ్యాక

పోయిన ప్రతి కిలో నీటికి లీటరున్నర తాగాలి. మొదటి అరగంటలో 600 మిల్లీలీటర్లు, తర్వాత అరగంటకో గ్లాసు. ఒక్కసారి రెండు లీటర్లు తాగితే వాంతి అవుతుంది. ఓఆర్ఎస్ అంటే 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లలో. అట్టపెట్టెలో తియ్యగా వచ్చేవన్నీ ఓఆర్ఎస్ కావు. ఆ పేరు దుర్వినియోగం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి.

తిండి: గంట తర్వాత గంజి, అరటిపండు, ఇడ్లీ. ఆపైన మూడు గంటలకోసారి తెల్లన్నం, పెరుగు, కొద్దిగా చికెన్. 70 కిలోల మనిషికి రోజంతా కలిపి 350 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం కావాలి, 100 గ్రాముల వండిన అన్నంలో అది సుమారు 28 గ్రాములు. తూకం కాగానే మటన్ బిర్యానీ తినాలని అందరికీ ఉంటుంది. నెయ్యి, మసాలా కడుపులో గంటల తరబడి నిలిచిపోతాయి, వారం రోజులు సన్నగిల్లిన పేగులకు విరేచనాలు పట్టుకుంటాయి. బిర్యానీ ఫైట్ అయ్యాక.

ఆగిపోయే అంకెను మాత్రం క్యాంప్ మొదట్లోనే కోచ్‌తో కలిసి రాసుకోండి. తూకం ముందు రోజు రాత్రి పదింటికి కిలోన్నర కంటే ఎక్కువ మిగిలితే తొట్టి దగ్గరికి వెళ్లరు, ఈ బరువు కుదరదని ఆర్గనైజర్‌కు ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్ కోచ్ చేయాలి. నీళ్లు లేక తల తిరుగుతున్న ఫైటర్‌ను అడిగితే ఎప్పుడూ ఇంకో పది నిమిషాలే అంటాడు. తూకం తప్పితే ఫీజులో కోత పడుతుంది, చాలా చోట్ల 20 శాతం దాకా ప్రత్యర్థికి పోతుంది. ఒప్పందంలో ఆ శాతం ఎంతుందో, క్యాచ్‌వెయిట్‌కు దారి ఉందో లేదో సంతకం రోజునే చూసుకుని ఉంటే ఆ రాత్రి ఫోన్ చేయడానికి చెయ్యి వెనకాడదు.