గుడ్డు ఫోటో చూసి పిట్ట పేరు తేల్చలేకపోతున్నారా?

ఫోటోలో గుడ్లు చక్కగా కనిపిస్తుంటాయి, పిట్ట పేరు మాత్రం తేలదు. చాలాసార్లు చిక్కంతా ఫోటో తీసిన తీరులోనే ఉంటుంది.

సమస్య: నీలం గుడ్లు రెండు మూడు జాతులకు సరిపోతున్నాయి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పెంకుకు రంగునిచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండే. నీలం, ఆకుపచ్చ ఛాయలు బిలివర్డిన్ వల్ల, ఎరుపు, గోధుమ ఛాయలు ప్రోటోపార్ఫిరిన్ వల్ల వస్తాయి. అందుకే సంబంధం లేని పిట్టల గుడ్లు కూడా ఒకేలా ఉంటాయి.

ఒకసారి నాకు ఒక ఫోటో పంపారు. ఫ్రేమ్ నిండా మచ్చలేని నాలుగు నీలం గుడ్లు. గోరింకవి అనుకున్నాను. దూరం నుంచి తీసిన ఇంకో ఫోటో అడిగి తెప్పించుకుంటే, పొద కొమ్మల మధ్య గిన్నెలా తెరిచి ఉన్న గూడు, లోపల సన్నటి వేళ్ల పరుపు. గోరింక చెట్టు తొర్రలోనో గోడ కంతలోనో గుడ్లు పెడుతుంది, ఇలా పొదలో పెట్టదు. అవి బ్యాబ్లర్ అనే పిట్ట గుడ్లు. అప్పటి నుంచి నేను ముందు గూడు చూస్తాను, గుడ్డు తర్వాతే.

తెల్ల గుడ్లకైతే ఇది మరీ ముఖ్యం. చిలుక, వడ్రంగి పిట్ట తొర్రలో, లకుముకి మట్టిగట్టు బొరియలో, పావురం పుల్లలు పరిచిన పలచటి గూటిలో పెడతాయి. గూడు లేని తెల్ల గుడ్డు ఫోటోకి పేరు పెట్టకపోవడమే మంచిది.

సమస్య: ఆకారం, సైజు పుస్తకంతో కలవడం లేదు

కొన కెమెరా వైపు తిరిగి ఉన్న గుడ్డు గుండ్రంగా కనిపిస్తుంది. దాన్ని చూసి, గుండ్రటి గుడ్లు పెట్టే గుడ్లగూబదే అనేస్తారు. గూటిలో పక్కకు పడుకుని ఉన్న గుడ్డునే చూసి, పొడవును వెడల్పుతో భాగించండి. ఫోటో ఎంత పెద్దదైనా ఆ నిష్పత్తి మారదు. ఫోన్‌ను దగ్గరగా పెడితే ఫ్రేమ్ అంచున ఉన్న గుడ్డు సాగిపోతుంది, కాబట్టి కాస్త దూరం నుంచి జూమ్ చేసి, గుడ్లు మధ్యలో ఉండేలా తీయండి. కొలత కోసం గూటిలో నాణెం మాత్రం పెట్టకండి. పిట్టలు వెళ్లిపోయాక ఖాళీ గూటి వెడల్పు కొలిస్తే, దానితో పాత ఫోటోలోని గుడ్ల సైజు అంచనా వేయొచ్చు.

సమస్య: రంగు తేడాగా ఉంది

ఆకుల నీడ పచ్చదనం పూస్తుంది, సాయంత్రపు ఎండ పసుపు పూస్తుంది. అదే వెలుతురులో తెల్ల కాగితాన్ని విడిగా ఫోటో తీసి, దాన్ని బట్టి రంగు సరిచేయండి. గుడ్డుకే మరక పట్టడం వేరే సంగతి. బుడుబుంగ తెల్లటి గుడ్లే పెడుతుంది. వాటిని తడి నాచుతో కప్పి వెళ్లడం వల్ల రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి.

సమస్య: ఒక్క గుడ్డు మాత్రం చిన్నగా ఉంది

కాకి గూడైతే కోకిలను అనుమానించండి. రంగు, మచ్చలు దగ్గరగానే ఉన్నా, కాకి గుడ్డు సుమారు 37 మి.మీ. పొడవుంటే కోకిలది 31 దగ్గర ఆగుతుంది. పక్కపక్కన ఉన్నప్పుడు ఆ తేడా కంటికే తెలుస్తుంది. తేడాగా ఉందని దాన్ని తీసేయకండి, అదీ ఒక పిట్ట గుడ్డే.