చేతి కెమెరాతో పనోరమా – 3వ పాఠం: చలికాలం పొద్దున తిరుమల కొండ

కిందటి పాఠంలో మేడ మీద నిలబడి మూడు ఫొటోలు తీసి కలపడం సాధన చేశాం. ఈసారి తిరుమల కొండ. తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఒడ్డున నిలబడి ఉత్తరానికి తిరిగితే కొండ బారు మొత్తం ఎదురుగా ఉంటుంది. ఒక్క ఫ్రేములో పట్టదు. వైడ్ లెన్సు పెడితే పడుతుంది గానీ, కొండ ఒక సన్నటి పట్టీ అయిపోయి ఆకాశం, ఇసుక బోలెడంత మిగులుతాయి. అందుకే పనోరమా, అంటే పక్కపక్కనే తీసిన ఫొటోలను కలిపి చేసే వెడల్పాటి చిత్రం.

ఈ పాఠాన్ని చలికాలానికి అట్టిపెట్టడానికి కారణం ఉంది. ఊరి వైపు కనిపించే ఎర్రటి రాతి చరియలు దక్షిణానికి తిరిగి ఉన్నాయి. వేసవిలో సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా పొడుస్తాడు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం కూడా మనకు ఉత్తరానికే ఉంటాడు. ఆ నెలల్లో పొద్దున తీస్తే చరియలన్నీ నీడలోనే. డిసెంబరులో కథ వేరు. తూర్పు నుంచి దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడిచి, రోజంతా దక్షిణపు ఆకాశంలోనే నడుస్తాడు. పొద్దున ఆ ఏటవాలు వెలుగు మన కుడి భుజం వెనక నుంచి వెళ్లి కొండ మీద పడుతుంది. కింద చెట్ల వాలు, పైన నిలువుగా తెగిన క్వార్ట్‌జైటు రాయి దేనికది తేలి కనిపిస్తాయి. ఈ కొండకు ఇదే సీజన్ అని నా నమ్మకం.

ఈశాన్య రుతుపవనాల వాన వెలిసిన మర్నాటి పొద్దు దొరికితే వదలకండి. మామూలు రోజుల్లో ఆరున్నరకు తెల్లవారినా ఏటి మీది మంచు విడేదాకా ఆగాలి. మంచులో ఒక్క ఫొటో అందంగానే వస్తుంది. కానీ ఫ్రేములను కలపడానికి సాఫ్ట్‌వేర్ వెతుక్కునే చెట్టు కొన, రాతి పగులు లాంటి గుర్తులు అందులో చెరిగిపోతాయి. చలికి బ్యాటరీ పడిపోతుందని మంచు దేశాల వాళ్లు రాసిన పాఠాలు భయపెడతాయి. తిరుపతి చలికి ఆ టెన్షన్ అక్కర్లేదు, మంకీ క్యాప్ మాత్రం మీ ఇష్టం.

ఇక సెట్టింగులు. కెమెరాను నిలువుగా పట్టుకోండి. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో, దానితోపాటే వచ్చే కిట్ లెన్సును 35 మి.మీ. దగ్గర పెడితే నిలువు ఫ్రేము సుమారు 25 డిగ్రీల వెడల్పు చూస్తుంది. పక్కపక్క ఫ్రేములు మూడో వంతుకు పైగా ఒకదాని మీద ఒకటి పడాలి కాబట్టి, ఒక్కోసారి 16 డిగ్రీలు తిరగాలి. ఆ లెక్కన 120 డిగ్రీల దృశ్యానికి ఏడు ఫ్రేములు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే కలిపాక వెడల్పు సుమారు 19 వేల పిక్సెళ్లు, ఐదడుగుల ప్రింటుకు చాలినంత.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టండి. ఎఫ్/8 (లెన్సు రంధ్రం), 1/200 సెకను (షట్టర్ వేగం), ఐఎస్ఓ 200 (వెలుగుకు సెన్సర్ స్పందన)తో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. సూర్యుడు కుడి వైపు ఉంటాడు కాబట్టి కుడి చివరి ఆకాశమే అన్నిటికన్నా తెల్లగా ఉంటుంది. అక్కడ వెలుగు కొలిచి, ఆ సెట్టింగుతోనే ఏడూ తీయాలి. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగు నీలం. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్. ఫోకస్ ఒకసారి కొండ మీద చేసి మాన్యువల్‌కు మార్చేయండి. పోలరైజర్ (లెన్సు ముందు తగిలించే ఫిల్టర్) ఉంటే తీసి సంచిలో వేయండి. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున అది ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. మన దృశ్యంలో ఆ దిక్కు కొండ కుడి సగంలోనే పడుతుంది.

ఇప్పుడు అసలు విద్య, తిరగడం. చేతులు చాచి స్క్రీన్ చూస్తూ తిరిగితే కెమెరా గానుగెద్దులా మన చుట్టూ తిరుగుతుంది. లెన్సు మన ఒంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 16 డిగ్రీలు తిరిగేసరికి అది 8 సెంటీమీటర్లు పక్కకు జరిగిపోతుంది. కిలోమీటర్ల అవతలి కొండకు ఆ జరుగుడు ఒక్క పిక్సెల్ కూడా రాదు. అదే రెండు మీటర్ల దూరంలోని తుంగ దుబ్బుకు 350 పిక్సెళ్లు దాటుతుంది. ఆ దుబ్బు రెండు ఫ్రేముల్లో రెండు చోట్ల ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ కుదర్చలేదు.

అందుకని లెన్సుకు సరిగ్గా కింద నేల మీద ఒక గులకరాయి పెట్టుకోండి. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి, లెన్సు ఆ రాయి మీదే ఉండేలా చిన్న చిన్న అడుగులతో మీరే దాని చుట్టూ జరగాలి. వ్యూఫైండర్ మధ్య చుక్క ప్రతిసారీ కొండ మొదలు గీత మీదే ఆగాలి. చుక్క పైకీ కిందకీ పోతే కలిపాక అంచులు మెట్లు మెట్లుగా వచ్చి, కత్తిరింపులో సగం ఆకాశం పోతుంది. మొదటి ఫ్రేముకు ముందు, చివరి ఫ్రేము తర్వాత మీ అరచేతిని ఫొటో తీయండి. ఇంటికెళ్లాక ఏ వరస ఎక్కడ మొదలైందో తడుముకోనక్కర్లేదు. మబ్బులు కదులుతుంటాయి కాబట్టి ఏడూ పది పదిహేను సెకన్లలో అయిపోవాలి.

కలపడానికి హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. ఫ్రేములు ఎక్కించి అలైన్ నొక్కితే కంట్రోల్ పాయింట్లు (రెండు ఫ్రేముల్లోనూ కనిపించే ఒకే గుర్తులు) అదే వెతుకుతుంది. మబ్బుల మీద పడిన పాయింట్లు తీసేయండి, రాతి మీదివి ఉంచండి. ప్రొజెక్షన్, అంటే చుట్టూ తిరిగి తీసిన దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతి, సిలిండ్రికల్. రెక్టిలీనియర్ పెడితే 120 డిగ్రీలకు చివరలు సాగిపోతాయి. కొండ ఒక పక్కకు ఒరిగితే, నిటారుగా ఉన్న కరెంటు స్తంభం మీద రెండు చోట్ల నిలువు గీత పాయింట్లు పెట్టి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. రెండు ఫ్రేముల్లోనూ పడిన కొంగనో, నడిచిపోయే గేదెనో ఒకదాంట్లో మాస్క్‌తో చెరిపేయండి. మసక తగ్గించే డీహేజ్ మాత్రం కలిపాకే. ముందే ఒక్కో ఫ్రేముకు చేస్తే అతుకులు బయటపడతాయి.

వచ్చే పాఠం రెండు వరసల పనోరమా. ఈలోగా చంద్రగిరి కోట దగ్గర రాజమహల్‌ను, వెనక కొండను కలిపి రెండుసార్లు తీయండి, ఒకసారి చేతులు చాచి, ఒకసారి గులకరాయి మీద. రెంటినీ హ్యూగిన్‌లో కలిపి, మహల్ అంచుల దగ్గర నూరు శాతం జూమ్ చేసి చూడండి.