అరకు ఘాట్‌కి ముందు: తక్కువ బడ్జెట్‌లో మౌంటెన్ బైక్ కొనేవాళ్లకు జాగ్రత్తలు

వానలు వెనకబట్టి, తెల్లవారుజామున గాలి కాస్త చల్లబడిందంటే వైజాగ్‌లో సైకిల్ షాపులకు గిరాకీ మొదలవుతుంది. ఆర్.కె. బీచ్‌లో పొద్దున్నే గేర్ సైకిళ్లు చూసి కొందరు, "ఈ చలికాలం అరకు సైకిల్ మీదే" అని ఫ్రెండ్స్ దగ్గర మాటిచ్చేసి కొందరు పదిహేను, ఇరవై వేలు పట్టుకుని బయల్దేరతారు. ఆ డబ్బుకి మంచి సైకిల్ దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ ఆ ధరలో షాపులో ముందుగా కంటికి కనబడేవి లావాటి షాకబ్జర్లు, మెరిసే స్టిక్కర్లు, "21 గేర్లు" అన్న మాట. ఘాట్ మీద మనల్ని ఎక్కించేది చిన్న గేరు, క్షేమంగా దించేది బ్రేకు. డబ్బు ముందు అక్కడికి వెళ్లాలి.

మన ఊరి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ ఏ వైపు తిరిగినా కొండే. కైలాసగిరి, సింహాచలం, యారాడ, తొట్లకొండ ఎక్కుడు ఏదీ ఎక్కువ పొడుగు కాదు గానీ, కాళ్లకు తెలుస్తుంది. అరకు అయితే ఊరి నుంచి సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు మిమ్మల్ని సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. వెళ్లినంత ఎత్తూ మళ్లీ దిగాలి. రెండోది, సముద్రం. ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు.

గేర్ల లెక్క షాపులోనే వేసుకోండి. గేర్లు ఎన్ని అన్నది పెద్ద విషయం కాదు. ముందున్న పళ్లచక్రాల్లో అన్నిటికంటే చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనక పెద్దదానికి ఎన్ని అని అడగండి. తెలియదంటే మీరే లెక్కపెట్టండి, నిమిషం పని. ముందు 24, వెనక 28 ఉంటే 27.5 అంగుళాల చక్రం మీద పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. చూడ్డానికి స్టైలుగా ఉంటుందని ముందు ఒకే చక్రం పెట్టిన చవక సైకిళ్లలో 38 పళ్లు, వెనక 28 ఉంటే అదే చుట్టుకు 3 మీటర్లు. చదును రోడ్డు మీద ఆ తేడా పట్టించుకోం. అనంతగిరి మలుపుల్లో మాత్రం మొదటివాడు మెల్లగా తొక్కుతూ పోతుంటే రెండోవాడు దిగి తోసుకుంటూ పోతాడు. ముందు ఒకే చక్రం తప్పేమీ కాదు, వెనక 40 పళ్ల పైన ఉన్న పెద్ద క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఉన్నప్పుడు. అది సాధారణంగా ఈ బడ్జెట్‌కి పైనే ఉంటుంది.

వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని కూడా అడగండి. మరమేసి బిగించే ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్‌లో ఇరుసుకు కుడివైపు ఆసరా తక్కువ, బరువైనవాళ్లు గుంతల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది. ఎనభై కిలోలు దాటినవాళ్లు ఇంకో రెండు మూడు వేలు ఎక్కువైనా ఎనిమిది లేదా తొమ్మిది చక్రాల క్యాసెట్ ఉన్నది చూసుకోవడం మేలు.

బ్రేకుల దగ్గర మాత్రం బేరం వద్దు. డిస్క్ బ్రేక్ అన్న మాట వినగానే మనవాళ్లు సంతృప్తి పడిపోతారు. చవక సైకిళ్లలో వచ్చేది తీగతో పనిచేసే మెకానికల్ డిస్క్. చాలావాటిలో ఒకవైపు ప్యాడే కదులుతుంది. అరిగేకొద్దీ మనమే బిగించుకుంటూ ఉండాలి, లేదంటే ఒకరోజు లివర్ వచ్చి హ్యాండిల్‌కి తగులుతుంది. ఆ రోజు ఘాట్ దిగుతున్న రోజు కాకూడదు. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేక్ ప్యాడ్ అరుగుదలను తనే సర్దుకుంటుంది, వేళ్లకు శ్రమ తక్కువ, దొరికితే అదే తీసుకోండి. పన్నెండు వేల లోపు అయితే పేరుకు డిస్క్ ఉన్న సైకిల్ కంటే అల్యూమినియం రిమ్ముల మీద మంచి వీ-బ్రేకులు (రిమ్మును రెండు వైపులా రబ్బరు షూలతో పట్టేవి) ఉన్నది నయం అని నా అభిప్రాయం. దాని షూలు ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. మెరిసే స్టీలు రిమ్ము మీద రబ్బరు షూ మాత్రం వద్దు. తడిసిందంటే పట్టు సగం కూడా ఉండదు.

ఇక షాకబ్జర్లు. ఈ ధరలో వచ్చే ముందు ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగంలో, ఉండేది ఒక స్ప్రింగు, అంతే. దాని తిరుగు ఊపును అదుపు చేసే ఏర్పాటు ఉండదు. రెండు కిలోలకు పైగా బరువు. ఎక్కుడులో నిలబడి తొక్కితే మన బలంలో కొంత దాన్ని నొక్కడానికే పోతుంది. కావాలనుకుంటే లాక్ చేసే మీట ఉన్నదే చూసుకోండి. సీటు కింద కూడా షాకబ్జర్ ఉన్న చవక సైకిల్ జోలికి అసలు వెళ్లొద్దు. అది ఘాట్ మీద బురదలో బండి లాగుతున్నట్టే ఉంటుంది. గుంతల కుదుపు తగ్గించడానికి మామూలుగా లావు టైరే చాలు. 2.1 అంగుళాల టైరులో 65, 70 కిలోల మనిషికి 35 నుంచి 40 పీఎస్ఐ గాలి సరిపోతుంది. పంక్చర్ షాపులో "టైట్‌గా కొట్టు" అనకండి, టైరు పక్కన ఎంత వరకు పట్టాలో రాసి ఉంటుంది. మోటార్ సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వు ఉంటే ఏ పెట్రోల్ బంకులోనైనా గాలి పట్టొచ్చు. సన్నగా పొడుగ్గా ఉండే వాల్వు అయితే అడాప్టర్ ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

షాపుకి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ముక్క జేబులో వేసుకోండి. ఫ్రేముకు, హ్యాండిల్‌కు అంటిస్తే పట్టుకుందంటే స్టీలు. స్టీలు ఫ్రేము చెడ్డదేం కాదు, గట్టిదే, బరువు ఎక్కువ, అంతే. కానీ పెదవాల్తేరు, లాసన్స్ బే, సాగర్ నగర్ లాంటి చోట సముద్రం వైపు బాల్కనీలో పెట్టే సైకిల్ అయితే అల్యూమినియం ఫ్రేముకే మొగ్గు చూపండి. "అల్లాయ్" అని నోటితో చెప్పి స్టీలు అంటగట్టడం కొత్త విషయం కాదు.

సైజు విషయంలో మొహమాటం వద్దు. అయిదడుగుల నాలుగు నుంచి ఏడు అంగుళాల మనిషికి 16, 17 అంగుళాల ఫ్రేము. అయిదడుగుల ఎనిమిది నుంచి ఆరడుగుల వాళ్లకు 18, 19. సీటు ముందు రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే పై గొట్టానికి మీకు మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. "ఎదుగుతాడులే" అని పిల్లలకు పెద్ద సైకిల్ కొనే అలవాటు మైదానంలో సరిపోతుందేమో, కొండ దిగేటప్పుడు కాలు అందకపోతే ప్రమాదం.

బిల్లు తప్పకుండా తీసుకోండి. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. పాత స్టిక్కరు ధర చూపిస్తే ఆ తేడా అడగండి. ఫ్రేము వారంటీ చాలా కంపెనీల్లో మొదట కొన్నవారికే, అదీ బిల్లు ఉంటేనే వర్తిస్తుంది. సైకిల్‌తో వచ్చే పుస్తకంలో అది ఎలాంటి దారులకు తయారైందో రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. మౌంటెన్ బైక్ అని పేరున్నా జంప్‌లకు పనికిరాదని చాలావాటిలో స్పష్టంగానే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ముందు చక్రం, హ్యాండిల్, పెడల్స్, సీటు మనమే బిగించుకోవాలి. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయని మర్చిపోయి బలవంతంగా తిప్పితే పెడల్ బిగించే ఆ చేయి (క్రాంక్) మొత్తం మార్చాల్సి వస్తుంది. ఫోర్కు వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు కూడా రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. మీరు సీటు మీద కూర్చుంటే ముందు డిస్క్ మీ ఎడమవైపు ఉండాలి. చక్రానికి చేత్తో విప్పే లివర్ ఉంటే దాన్ని మూసేటప్పుడు అరచేతిలో గుర్తు పడేంత బిగువు ఉండాలి. ఇవన్నీ టెన్షన్ అనిపిస్తే మూడు, నాలుగు వందలు పెట్టి దగ్గర్లోని మెకానిక్ చేత చేయించండి. ఒక్కటి మాత్రం పక్కనే నిలబడి చూడాలి: చైనుకు ఆయిల్ కొట్టేటప్పుడు డిస్క్ మీద, ప్యాడ్ మీద చుక్క పడకూడదు. పడిందంటే ఆ బ్రేకు పట్టదు, ప్యాడ్లు మార్చడమే.

సెకండ్ హ్యాండ్‌కి మన ఊళ్లో మంచి అవకాశాలు ఉన్నాయి. నేవీ క్వార్టర్ల నుంచి, ఉక్కునగరం నుంచి బదిలీ అయి వెళ్లేవాళ్లు, చదువు ముగిసిన హాస్టల్ పిల్లలు పెద్దగా వాడని సైకిళ్లు అమ్మేస్తుంటారు. పెడల్స్ మధ్య గొట్టం అడుగున ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, బిల్లు మీద నంబరుతో పోల్చుకోండి. గీకేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. హ్యాండిల్ కింద అతుకుల దగ్గర రంగు పగిలి సన్నటి గీత కనబడితే అది పగులు కావచ్చు. చైను అరుగుదల స్కేలుతో తెలుస్తుంది: 12 పూర్తి జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే వెనక చక్రాలు కూడా. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. ఫోర్కు కాళ్ల మీద తుప్పు చుక్కలు ఉంటే సముద్రం పక్కన నిలిపిన సైకిల్ కావచ్చు.

ఇరవై వేలు ఉంటే సైకిల్‌కి పదహారు వేలు దాటనివ్వకండి. హెల్మెట్, ముందు వెనక లైట్లు, చేతి పంపు, స్పేర్ ట్యూబు, అలెన్ కీల సెట్టు, తాళం మిగతా నాలుగు వేలలో వస్తాయి. హెల్మెట్ లోపల ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) లేదా సీపీఎస్‌సీ (అమెరికాది) అన్న ముద్ర చూడండి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మళ్లీ వాడకూడదు.

కొన్న వారంలోనే ఘాట్‌కి వెళ్లొద్దు. కొత్త డిస్క్ బ్రేకులు వెంటనే పట్టవు. భీమిలి రోడ్డులో తెల్లవారుజామున చదునైన చోట కాస్త వేగం అందుకుని, చక్రం లాక్ అవ్వకుండా మెల్లగా నొక్కి తగ్గించడం పదిహేను, ఇరవై సార్లు చేస్తే ప్యాడ్లు కుదురుకుంటాయి. కొద్ది రోజుల్లో గేరు తీగలు సాగుతాయి, చువ్వలు వదులవుతాయి. అప్పుడు ఒకసారి సర్వీసు చేయించి, తొట్లకొండ ఎక్కి దిగి చూడండి. అక్కడ భయం లేకుండా ఆపగలిగితే అప్పుడు ఘాట్ ఆలోచన. బీచ్‌లో తడి ఇసుక మీద ఫొటోల కోసం తొక్కితే ఆ ఉప్పునీళ్లు బేరింగుల్లోకి పోతాయి. ఎప్పుడైనా తడిస్తే మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, చైనుకు ఆయిల్ వేయండి. ప్రెజర్ గన్ పెట్టి కడగొద్దు. చైనుకు కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్మంతా అతుక్కుంటుంది.

మట్టి దారులు కావాలనిపిస్తే ఎర్రమట్టి దిబ్బల వైపు మాత్రం వెళ్లకండి. అది జాతీయ భూవారసత్వ స్థలం. చక్రాల గాట్లు పడిన చోట వాన నీరు దిబ్బను కోసేస్తుంది. కంబాలకొండ అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు, అక్కడ చిరుతలు తిరుగుతాయి.

ఘాట్ దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ, వదులుతూ రండి. ఒక్కటే పట్టుకుని ఆపకుండా దిగితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. చేతులు నొప్పెడితే ఆగండి, కాసేపటి వరకు డిస్క్ మీద చేయి వేయకండి, కాలుతుంది. డిసెంబర్ పొద్దున్న మంచులో వెనక లైటు పగలైనా వెలుగుతూ ఉండాలి. కార్తీకమాసం ఆదివారాల్లో పిక్నిక్ బస్సులు, కార్లు ఆ రోడ్డంతా నిండిపోతాయి. వీలైతే మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి, ఎస్.కోటకి తెల్లవారకముందే చేరేలా బయల్దేరండి.