మెకానికల్ వాచీలో రెండో దేశం టైమ్ ఎలా పెట్టుకోవాలి?

వాచీలో నాలుగో ముల్లు కనిపించగానే చాలామంది టెన్షన్ పడతారు కానీ, అది చేసే పని చిన్నదే. గంటల ముల్లు 12 గంటలకు ఒక చుట్టు తిరిగితే, రెండో దేశం టైమ్ చూపే ఈ జీఎంటీ (గ్రీన్‌విచ్ మీన్ టైమ్) ముల్లు సగం వేగంతో నడిచి 24 గంటలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుకే దాన్ని 24 వరకు అంకెలున్న వలయం మీదే చదవాలి. ఆ 24 పైన ఉన్న వాచీలో మధ్యాహ్నం 12కి అది నిట్టనిలువుగా కిందకు చూస్తుంది, మూడింటికి 15 మీద, అంటే మామూలు ఏడుకీ ఎనిమిదికీ నడిమధ్యన ఉంటుంది. అక్కడ పగలా రాత్రా అన్న సందేహమే రాదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ వాచీలో విడిగా కదిలేది ఏ ముల్లు? కాస్త కీ ఇచ్చి, క్రౌన్ (వాచీ పక్కన కీ తిప్పే గుండీ) పూర్తిగా లాగి టైమ్‌ను ఆరు దగ్గరకు తెచ్చుకోండి, ఎందుకంటే రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా చాలా వాచీల్లో తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి, ఆ సమయంలో తేదీ తిప్పితే విరిగే ప్రమాదం ఉంది. తర్వాత క్రౌన్‌ను ఒక మెట్టు లోపలికి నొక్కి, రెండు వైపులా మెల్లగా తిప్పి చూడండి.

గంటల ముల్లు గంటకో గెంతు వేస్తే మీది ప్రయాణాలకు చేసిన వాచీ. క్రౌన్ పూర్తిగా లాగి, జీఎంటీ ముల్లునూ నిమిషాలనూ ఇంటి టైమ్‌కు పెట్టండి. మధ్య మెట్టుకు వచ్చి, గంటల ముల్లును మీరున్న చోటి టైమ్‌కు గెంతించండి. ఇకపై విమానం దిగిన ప్రతిసారీ ఈ రెండో పని చాలు. ముల్లు టక్ టక్‌మని గెంతుతున్నా సెకన్ల ముల్లు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, నాకైతే ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది! అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ పైలట్ల కోసం 1950ల్లో వచ్చిన రోలెక్స్ జీఎంటీ మాస్టర్‌లో ఈ సౌకర్యం లేదు, రెండు ముళ్లూ కలిసే కదిలేవి, బెజెల్ (డయల్ చుట్టూ ఉండే అంకెల వలయం) తిప్పుకోవాల్సిందే.

జీఎంటీ ముల్లు గెంతితే ముందు మామూలు టైమ్ పెట్టి, తర్వాత మధ్య మెట్టులో ఆ ముల్లును అవతలి దేశానికి తిప్పండి. ఉన్నచోటే ఉండి విదేశాలకు ఫోన్ చేసేవాళ్లకు ఇదే హాయి. అయితే తేదీ మారేది అర్ధరాత్రికా, మధ్యాహ్నానికా అన్నది టైమ్ పెట్టేటప్పుడే చూసుకోండి.

మూడో దేశం కావాలంటే తిరిగే బెజెల్ ఉంది. జీఎంటీ ముల్లు చూపే చోటికన్నా 3 గంటలు ముందుండే దేశమైతే, బెజెల్‌ను ముళ్లు తిరిగే దిశకు ఎదురుగా 3 అంకెలు జరపండి, 15 చూపే ముల్లు కింద 18 వస్తుంది.

ఇక అరగంట తేడాలు. నిమిషాల ముల్లు ఒక్కటే కాబట్టి, మూడున్నర గంటలు ముందుండే చోటికి జీఎంటీ ముల్లును 3 గంటలే ముందుకు పెట్టి, చదివేటప్పుడు 30 నిమిషాలు మనసులో కలుపుకోండి.