మంచు కురిసే పల్లె రాష్ట్రానికి మకాం మార్చే ముందు అడిగి తెలుసుకోవలసిన సంగతులు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లే కుటుంబాలకు డల్లాస్ గురించో న్యూజెర్సీ గురించో చెప్పేవారు వీధికొకరు దొరుకుతారు. ఉద్యోగం వెర్మాంట్, మెయిన్, నార్త్ డకోటా వంటి మంచు రాష్ట్రాల్లో వచ్చినప్పుడు మాత్రం అడుగుదామన్నా ఎవరూ కనిపించరు. 2020 లెక్కల ప్రకారం వెర్మాంట్ రాష్ట్ర జనాభా మొత్తం కలిపి సుమారు 6.43 లక్షలు, విజయవాడ నగర జనాభా అంతకన్నా ఎక్కువ.

ఇలాంటి చోటికి వెళ్లబోయేవారు ముందుగా అడిగేది చలి గురించే. నార్త్ డకోటాలోని ఫార్గోలో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఈ సమాధానం ఒక్క నిమిషంలో దొరుకుతుంది కాని, దానివల్ల తేలేది తక్కువ. మన దగ్గర మునిసిపాలిటీయో, అపార్ట్‌మెంటు అసోసియేషనో చూసుకునే పనులు అక్కడ ఎవరి మెడకు చుట్టుకుంటాయన్నదే అసలు విచారించవలసిన విషయం.

ఇల్లు చూసేటప్పుడు మొదట రోడ్డు గురించి అడగాలి. ఇంటి ముందున్న దారి రాష్ట్రానిదా, టౌన్‌దా (అంటే అక్కడి స్థానిక పాలన సంస్థదా), ప్రైవేటుదా అన్నదాన్ని బట్టి దాని మీద పడిన మంచును ఎవరు తొలగిస్తారన్నది తేలుతుంది. వెర్మాంట్‌లో టౌన్ రోడ్లకు నాలుగు తరగతులున్నాయి. వాటిలో నాలుగో తరగతి రోడ్డు మీద శీతకాలంలో మంచు తీయవలసిన బాధ్యత సాధారణంగా టౌన్‌కు ఉండదు. ఫొటోల్లో చెట్ల మధ్య ముచ్చటగా కనిపిస్తూ, అద్దె కూడా అనుమానం కలిగేంత తక్కువగా ఉన్న ఇల్లు అలాంటి రోడ్డు చివరిదై ఉండవచ్చు. రోడ్డు నుంచి గుమ్మం దాకా ఉండే డ్రైవ్‌వేను శుభ్రం చేయించడం యజమానిదా, అద్దెకున్నవారిదా అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. దాని పొడవు ఎంత, ఎంత ఏటవాలుగా ఉంది, ప్లౌ బండితో మంచు తోసేవారు దగ్గరలో ఉన్నారా, వారు మంచు పడిన ప్రతిసారీ డబ్బు తీసుకుంటారా లేక సీజన్ మొత్తానికి మాట్లాడుకుంటారా అన్న వివరాలు మంచు మొదలయ్యాక కాదు, సెప్టెంబరులోనే తెలిసి ఉండాలి. మంచు కరిగిన తరువాత బురద కాలం వస్తుంది. వెర్మాంట్ రోడ్లలో సగానికి పైగా మట్టివీ కంకరవీ కావడం వల్ల మార్చి, ఏప్రిల్ నెలల్లో చక్రాలు కూరుకుపోయే చోట్లు చాలా ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందన్న మన లెక్క అక్కడ చెల్లదు.

తరువాతది ఇంటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు. పైపులైను గ్యాస్ పల్లెల దాకా రాని రాష్ట్రాలు ఇవి. మెయిన్‌లో సుమారు సగం కుటుంబాలు ఇంటి వెచ్చదనానికి హీటింగ్ ఆయిల్ మీదే ఆధారపడతాయి. మిగిలినవారు ప్రొపేన్, కట్టెలు, రంపపుపొట్టుతో చేసే గుళికలు, కరెంటుతో నడిచే హీట్ పంపులు వాడతారు. నేలమాళిగలో ఉండే ఆయిల్ ట్యాంకు సాధారణంగా 275 గ్యాలన్లు, అంటే వెయ్యి లీటర్లకు పైమాట. దాన్ని ఒకసారి నింపడానికి ఎంత అవుతుందో, సీజన్‌లో ఎన్నిసార్లు నింపవలసి వస్తుందో అడగాలి. ఇంటి యజమాని ఏడాది సగటు చెబితే తృప్తిపడకుండా, కిందటి డిసెంబరు నుంచి మార్చి దాకా వచ్చిన బిల్లులను విడివిడిగా చూపమనడం మంచిది. అద్దెలో హీటింగ్ కలిసి ఉందా, ట్యాంకు ఖాళీ కాకముందే కంపెనీ తనంతట తాను వచ్చి నింపుతుందా, మనమే ఫోన్ చేయాలా అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపించినా, జనవరి అర్ధరాత్రి వాటి విలువ తెలుస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇల్లయితే, 128 ఘనపుటడుగుల ‘కార్డ్’ లెక్కన కట్టెలు కొనాలి. పచ్చివి కాకుండా బాగా ఆరినవేనా అని చూసుకోవాలి. కరెంటు పోతే ఆయిల్ ఉన్నా ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఆగిపోతుంది కాబట్టి రెండో ఏర్పాటు ఏమిటన్నది కూడా అడగాలి. సెల్లార్‌లో జనరేటర్ మోగడం అలవాటైన మనవారికి ఒక హెచ్చరిక: అక్కడ దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట మాత్రమే నడపాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

పల్లె ఇళ్లలో నీరు సొంత బోరు నుంచి వస్తుంది, మురుగు సొంత సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. మెయిన్, న్యూ హాంప్‌షైర్ ప్రాంతాల రాతి పొరల్లోని బోర్లలో ఆర్సెనిక్ ఉండటం తెలిసిన సమస్యే. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది అమెరికా తాగునీటి ప్రమాణం. పరీక్ష ఫలితం చూపనిదే సంతకం పెట్టకూడదు. సంక్రాంతికి ఊరు రావాలన్న ఆలోచన ఉన్నవారు మరొకటి అడగాలి: మూడు వారాలు ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరు చూస్తారు? హీటింగ్ ఆగితే పైపుల్లోని నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, పైపులను పగలగొడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపు చూసినవారికి ముంపు గురించి చెప్పనక్కరలేదు. వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్ 2023 జులైలో అలాగే మునిగింది. సాధారణ గృహబీమా వరద నష్టాన్ని భరించదు, దానికి వేరే పాలసీ ఉంటుంది.

కారు విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఏర్పాటు) ఉంటే చాలునన్న సలహాను నమ్మవద్దు. అది బండి కదలడానికి సాయపడుతుంది గాని ఆగడానికి కాదు. ఆపగలిగేవి వింటర్ టైర్లు. నార్త్ డకోటా వంటి చోట్ల రాత్రి ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌కు కరెంటు ప్లగ్ పార్కింగులో ఉందో లేదో అడగాలి. పాత కారు కొంటే రోడ్ల మీద చల్లే ఉప్పుకు అడుగుభాగం తుప్పు పట్టిందేమో పైకెత్తించి చూడాలి. జింకలను గుద్దుకునే ప్రమాదం నిజమైనదే కాబట్టి బీమాలో దానికి రక్షణ ఉండాలి.

గుంటూరు మెడికల్ కాలేజీ వంటి చోట్ల చదివి, జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసిన వైద్యులు ఈ రాష్ట్రాలకు వెళ్లడానికి ప్రధాన కారణం నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994లో మొదలైన పథకం. దాని కింద ఒక్కో రాష్ట్రం ఏటా 30 మంది వైద్యులకు, రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు నుంచి మినహాయింపు సిఫారసు చేయవచ్చు. బదులుగా వారు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. మూడేళ్లంటే మూడు శీతకాలాలు. అందువల్ల ఆన్‌కాల్ రాత్రులు ఎన్ని, మంచు తుఫానులో డ్యూటీ మారేవారు రాలేకపోతే ఏమి చేస్తారు, ఒప్పందం ముగిశాక అదే ప్రాంతంలో పని చేయరాదన్న నిబంధన ఉందా అని న్యాయవాదితో చదివించుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవారు పని ప్రదేశం వేరే ప్రాంతానికి మారితే పిటిషన్‌ను సవరించవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉన్నా, వెళ్లాక పిల్లల ఆలోచన ఉన్నా, దగ్గరి ఆసుపత్రిలో ప్రసవ విభాగం ఉందా అని తప్పక అడగాలి. గ్రామీణ ప్రాంతాల్లో ‘క్రిటికల్ యాక్సెస్’ అని పిలిచే చిన్న ఆసుపత్రులకు 25 పడకలే పరిమితి. కాన్పుల విభాగం ప్రతి చోటా ఉండదు.

పన్నుల లెక్క త్వరగానే తేలుతుంది: న్యూ హాంప్‌షైర్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, కాని ఇంటి పన్ను ఎక్కువ. ఆవకాయ, కారప్పొడి కొరియర్‌లో వెళతాయి. పచ్చి కరివేపాకు మాత్రం నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో అనుమతించరు.

ఈ ప్రశ్నలకు బంధువుల కన్నా టౌన్ క్లర్క్ కార్యాలయం, స్కూలు కార్యాలయం బాగా జవాబు చెబుతాయి. నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా వెర్మాంట్, మెయిన్‌లలో ఉదయం తొమ్మిది అయ్యేసరికి మనకు రాత్రి ఏడున్నర, ఫార్గోలో తొమ్మిదికి ఎనిమిదిన్నర. వేసవి సమయం అమలులో ఉన్న నెలల్లో ఒక గంట ముందు ఫోన్ చేయాలి. రోడ్డు తరగతి, కిందటి ఏడాది స్కూలుకు ఇచ్చిన మంచు సెలవులు, ఇంటి చిరునామా దగ్గర సెల్ సిగ్నల్, ఇంటర్నెట్ ఏ కంపెనీవి అన్న నాలుగూ ఆ మొదటి ఫోన్‌లోనే అడగవచ్చు. ఇల్లు చూపించేవారిని మాత్రం వేసవి ఫొటోలు కాకుండా ఫిబ్రవరిలో తీసిన వీడియో పంపమనండి.