స్మార్ట్ స్పీకరు ఎంపిక, మూడో పాఠం: ఫోనుకు వచ్చిన తెలుగు స్పీకరుకు రాదు

రెండో పాఠం చివర, స్పీకరు కొనే ముందు ఆయా కంపెనీల వాయిస్ అసిస్టెంట్లను, అంటే నోటితో అడిగితే బదులిచ్చే సాఫ్ట్‌వేర్లను, ఫోనులో వాడి చూడమని అభ్యాసం ఇచ్చాను. చాలామంది శ్రద్ధగా చేసి ఫలితాలు రాసి పంపారు. అవి చదివాక, ఈ పాఠానికి అనుకున్న ధ్వని నాణ్యత, ధరల పోలిక పక్కన పెట్టక తప్పలేదు. ఎక్కువమంది ఫోనుతో తెలుగులో మాట్లాడారు, ఫోను చక్కగా తెలుగులోనే బదులిచ్చింది, ఆ సంతోషంలో కొందరు స్పీకరు ఆర్డరు కూడా చేసేశారు. తీరా పెట్టె విప్పి, ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి మాట్లాడమంటే, అది అర్థం కాలేదని ఇంగ్లీషులో చెప్పింది. పరికరం పాడైందనుకుని తిప్పి పంపినవాళ్లూ ఉన్నారు. పరికరంలో లోపమేమీ లేదు. పరీక్షించిన భాష వేరు, కొన్న వస్తువుకు వచ్చిన భాష వేరు.

ఒక కంపెనీ అసిస్టెంటుకు ఫోనులో ఒక భాషల జాబితా ఉంటుంది, స్పీకరులో మరొక జాబితా ఉంటుంది. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకటేనని మనం అనుకుంటాం. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ అసిస్టెంటు తెలుగు మాట్లాడుతుంది, 2024 నుంచి గూగుల్ కొత్త అసిస్టెంటు జెమిని యాప్ కూడా తెలుగులో వస్తోంది. కానీ గూగుల్ నెస్ట్ మినీ వంటి స్పీకర్లలో భారతీయ భాషల్లో ఉన్నది హిందీ మాత్రమే, దానితోపాటు భారతీయ ఇంగ్లీషు. అమెజాన్ ఎకో స్పీకరు 2017లో మన దేశానికి వచ్చింది, 2019లో దానిలోని అసిస్టెంటు అలెక్సా హిందీ నేర్చింది, తెలుగు ఇప్పటికీ దాని భాషల జాబితాలో లేదు. ఆపిల్ 2024లో విడుదల చేసిన ఐఓఎస్ 18 అనే ఐఫోను సాఫ్ట్‌వేరుతో, భారతీయ ఇంగ్లీషులో తెలుగు మాటలు కలిపి ఆపిల్ అసిస్టెంటు సిరితో మాట్లాడే వీలు వచ్చింది, కానీ ఆపిల్ స్పీకరైన హోమ్‌పాడ్ మినీ భాషల జాబితాలో తెలుగు కనిపించదు. మూడు కంపెనీలదీ ఒకటే కథ.

దీనిలోనే మరో చిక్కు దాగి ఉంది. ఇప్పుడు చాలా ఫోన్లలో మీరు పిలిస్తే పలికేది పాత గూగుల్ అసిస్టెంటు కాదు, జెమిని. స్పీకర్లలో ఏళ్ల తరబడి ఉన్నది పాత అసిస్టెంటు. ఇళ్లలోని స్పీకర్లకు కూడా జెమినిని తెస్తామని గూగుల్ 2025లో ప్రకటించి, దశలవారీగా ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి ఫోనులో జెమిని ఒక పెద్ద ప్రశ్నకు విడమరిచి జవాబు చెప్పిందని, షాపులో ఉన్న స్పీకరు కూడా అలాగే చెబుతుందని అనుకోవద్దు. భాషే కాదు, జవాబు తయారుచేసే యంత్రాంగమే వేరు కావచ్చు.

ఇక షాపువాళ్లు చెప్పే మాట. "తెలుగు వస్తుంది సార్" అని వాళ్లు అంటే, తెలుగు పాటలు వేస్తుందని అర్థం. అది అబద్ధం కాదు. ఘంటసాల పాటలు వేయమని ఇంగ్లీషు వాక్యంలో అడిగితే ఎకో, నెస్ట్ రెండూ వేస్తాయి. పాట తెలుగులో వినిపించడం వేరు, మీ మాట తెలుగులో వినడం వేరు. అమ్మే మనిషితో వాదించవద్దు. స్పీకరు యాప్‌లో భాషల సెట్టింగు తెరిచి చూపించమనండి. అందులో తెలుగు లేకపోతే ఆ స్పీకరుకు తెలుగు రానట్టే. రేపు అప్‌డేటులో వస్తుందన్న ఆశ మీద డబ్బు పెట్టవద్దు, ఈ రోజు జాబితాలో ఉన్నదానికే డబ్బు చెల్లించండి. ఈ విషయంలో నేను పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. స్పీకరుతో ఎక్కువ ప్రయోజనం పొందవలసింది చూపు మందగించిన పెద్దవాళ్లు, ఫోను మీద అక్షరాలు చదవలేనివాళ్లు. వాళ్లకే ఇది మొదట అక్కరకు రాకుండా పోతోంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు కూడా ఇదే అనుభవం, అక్కడి వంటగదిలో ఉన్న ఎకోకు కూడా తెలుగు రాదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో ప్రధానంగా వాడబోయేవారు తెలుగు తప్ప మరో భాష మాట్లాడకపోతే, ఇప్పుడు స్మార్ట్ స్పీకరు కొనకండి. పక్కన పడేసిన ఆండ్రాయిడ్ ఫోను ఏదైనా ఉంటే, దానిలో అసిస్టెంటు భాషను తెలుగుకు మార్చి, చార్జరు తగిలించి ఒక స్టాండు మీద నిలబెట్టి, మామూలు బ్లూటూత్ స్పీకరు జత చేయండి. చూడటానికి అంత అందంగా ఉండదు, దూరం నుంచి పిలిస్తే వినిపించుకోదు, కానీ అమ్మమ్మ అడిగిన మాటకు తెలుగులో జవాబు వస్తుంది. నేను ఎవరికైనా మొదట సిఫారసు చేసేది ఇదే.

ఇంగ్లీషుతోనో హిందీతోనో పని జరిగే ఇళ్లకు ఎంపిక మిగిలే ఉంది. మొదట పరీక్షను సరైన పద్ధతిలో మళ్లీ చేయాలి. ఫోనులో అసిస్టెంటు భాషను భారతీయ ఇంగ్లీషుకు మార్చండి. అమెరికా ఇంగ్లీషు, బ్రిటన్ ఇంగ్లీషు అనే ఎంపికలు పక్కనే ఉంటాయి, వాటిని ముట్టుకోకండి, మన ఊళ్ల పేర్లూ మన పలుకుబడీ భారతీయ ఇంగ్లీషులోనే మెరుగ్గా అందుతాయి. అలెక్సా యాప్‌ను స్పీకరు లేకుండానే ఫోనులో వాడవచ్చు. సిరిని పరీక్షించాలంటే ఐఫోను ఉండాలి. అది లేనివాళ్లు హోమ్‌పాడ్ గురించి ఆలోచించనక్కరలేదు, ఎందుకంటే దాన్ని అమర్చడానికే ఆపిల్ పరికరం కావాలి.

పరీక్షలో అడిగే వాక్యాలు మీ ఇంట్లో నిజంగా అవసరమయ్యేవై ఉండాలి. రాజధానుల పేర్లు, జోకులు అడిగి ప్రయోజనం లేదు. పది నిమిషాల టైమరు పెట్టమనండి, పప్పు పొయ్యి మీద ఉన్నప్పుడే పెట్టమనండి. మందుల వేళకు గుర్తుచేయమనండి. అన్నమాచార్య కీర్తనలు వేయమనండి, ఆ తర్వాత మీకు ఇష్టమైన ఒక పాత పాటను పల్లవి మాటలతో అడగండి. అసిస్టెంటు సత్తా తేలేది ఇక్కడే. భాష ఇంగ్లీషులో పెట్టి ఉన్నప్పుడు తెలుగు పల్లవిని అది ఇంగ్లీషు ధ్వనులుగా విని, దగ్గరగా ఉన్న మరో పాటను పట్టుకొస్తుంది. పల్లవితో దొరకకపోతే గాయకుడి పేరు కలిపి అడగండి, అప్పుడూ దొరకకపోతే ఆ పాట ఉన్న ప్లేలిస్టుకు ఇంగ్లీషులో పొట్టి పేరు పెట్టి ఆ పేరుతో పిలవండి. నేను చేసేది ఈ చివరి పద్ధతే. ఇంట్లో అందరికీ గుర్తుండే నాలుగైదు ప్లేలిస్టు పేర్లు చాలు.

పాటల సంగతి వచ్చింది కాబట్టి, మీరు ఇప్పటికే డబ్బు కడుతున్న సంగీత సేవ ఏదో చూసుకోండి. స్పాటిఫై ఎకోలోనూ నెస్ట్‌లోనూ నేరుగా నడుస్తుంది. యూట్యూబ్ మ్యూజిక్ గూగుల్‌ది కాబట్టి నెస్ట్‌లో సులువు. ఆపిల్ మ్యూజిక్ వాడేవాళ్లకు హోమ్‌పాడ్ మినీ సహజమైన ఎంపిక, కానీ స్పాటిఫైను దానికి ఫోను నుంచి, ఆపిల్ వైర్‌లెస్ పద్ధతి అయిన ఎయిర్‌ప్లే ద్వారా పంపాలి, కేవలం నోటితో అడిగి వేయించలేరు. సంగీతమే ముఖ్యమైన ఇంట్లో, ఈ ఒక్క విషయమే నిర్ణయం తేల్చేస్తుంది.

పిలుపు పదం కూడా తేలిక విషయం కాదు. ఎకోను అలెక్సా అని పిలవవచ్చు, లేదా ఎకో, అమెజాన్, కంప్యూటర్ అనే పదాల్లో ఒకదానికి మార్చుకోవచ్చు. గూగుల్‌కు రెండు మాటలు పలకాలి, మార్చుకునే వీలు లేదు. పెద్దవాళ్లకు ఒక్క మాట సులువు, అందుకే ఇంగ్లీషు కొంత వచ్చిన పెద్దలున్న ఇంటికి నేను ఎకో వైపే మొగ్గుతాను. చదువుకునే పిల్లలు ప్రశ్నలు ఎక్కువ అడిగే ఇంటికి నెస్ట్ మేలు. ఏది కొన్నా పడకగదిలో పెట్టకండి. మైకు ఆపడానికి నెస్ట్ మినీకి జారుడు స్విచ్చు, ఎకోకు నొక్కితే ఎర్రదీపం వెలిగే బటను ఉన్నాయి. హోమ్‌పాడ్ మినీకి అలాంటి మీట లేదు, నోటితో చెప్పాలి లేదా యాప్‌లో ఆపాలి. మీట కంటికి కనిపించాలని కోరుకునేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. రికార్డింగులు కొన్నింటిని మనుషులు కూడా వింటున్నారని 2019లో మూడు కంపెనీల విషయంలోనూ బయటపడింది.

వై-ఫై గురించి అడిగినవాళ్లకు ఒక్క మాట. స్పీకరుతో నడిపే చవక స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై బ్యాండు మీదే కలుస్తాయి, మీ రౌటరు ఆ బ్యాండును ఆపేసి ఉంటే తెరవండి. బల్బు హోల్డర్లు, గీజరుకు కావలసిన 16 ఆంపియర్ల ప్లగ్గు వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఇంట్లో ప్రతి ఒక్కరూ, పిల్లలతో సహా, తమకు నిజంగా అవసరమయ్యే ఇరవై వాక్యాలు రాసుకోవాలి. ఫోనును హాలులో అల్మరా మీద పెట్టి, గదికి అవతలి చివర నిలబడి, ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూ టీవీ నడుస్తుండగా, ఒక్కో వాక్యాన్ని ఒక్కసారి మాత్రమే పలకాలి. మిక్సీ తిరుగుతున్నప్పుడు మరోసారి మొత్తం చేయాలి. స్పీకరుకు దూరం నుంచి వినడానికి ఎక్కువ మైకులు ఉంటాయి, నెస్ట్ మినీలోనే మూడు ఉన్నాయి, కాబట్టి ఫోను వినగలిగినది స్పీకరు సాధారణంగా వింటుంది. తప్పిన వాక్యం ఎవరిదో, ఏ మాట దగ్గర తప్పిందో పక్కన రాయండి. రెండు అసిస్టెంట్లతో ఇలా చేసి రెండు పట్టికలు పంపండి. ఇంట్లో ఏ ఒక్కరి వాక్యాల్లోనైనా సగానికి మించి తప్పితే, ఆ పట్టిక పంపేదాకా ఏదీ ఆర్డరు చేయకండి.